చదువు నుంచి కొలువుకు: పిల్లల పన్ను లెక్కలో మన కాగితాలు

(పెన్షనర్ల దినోత్సవం నాడు బంగారుపాళ్యంలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో, ఖజానా శాఖలో పనిచేసి రిటైరైన ఒక సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం 1982 డిసెంబర్ 17 నాటి సుప్రీం కోర్టు తీర్పును తలుచుకుంటాం. పెన్షను దయాధర్మం కాదు, చేసిన సేవకు రావలసిన హక్కు అని నకారా కేసులో చెప్పిన తీర్పు అది. ఆ తీర్పు మీద మాట్లాడమంటే మాట్లాడేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు వేరే విషయం చెప్పమన్నారు. "మీ ఇంట్లో జరిగింది నలుగురికీ చెప్పండి, పనికొస్తుంది" అన్నారు. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి మొదట సంకోచించాను. తరువాత, చెప్పకపోతే ఇంకొకరు అదే తప్పు చేస్తారని ఒప్పుకున్నాను.

విషయం ఇది. మన పిల్లలు, మనవలు చదువుకోసం అమెరికా వెళ్తున్నారు. చదువు ముగిసి అక్కడే ఉద్యోగంలో చేరుతున్నారు. ఆ మలుపులో వాళ్ల పన్ను లెక్క మారిపోతుంది. అక్కడా మారుతుంది, ఇక్కడా మారుతుంది. ఆ లెక్కలో మన బీరువాలో ఉన్న కాగితాలకు కూడా చోటు ఉంది. ఈ ఆఖరి మాట చాలామందికి తెలియదు. నాకూ తెలియలేదు.

మన చిత్తూరు వాళ్లకు సీమ దాటడం కొత్త కాదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ప్రభుత్వ వేతనంతో కేంబ్రిడ్జిలో చదివి వచ్చారు. అప్పుడు జిల్లా మొత్తానికీ అలాంటివారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఇప్పుడు బంగారుపాళ్యం అంటే మామిడికాయల సీజన్లో తోతాపురి కాయల ట్రాక్టర్లే కాదు, వీధికొక అమెరికా పిల్లో పిల్లవాడో ఉన్న ఊరు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడు మిగతా అన్ని దేశాలకంటే మనవాళ్లే ఎక్కువ. వారిలో దాదాపు తొంభై ఏడు వేలమంది చదువు ముగించి, విద్యార్థి వీసా మీదనే ఉద్యోగ శిక్షణలో ఉన్నవారు. నేను మాట్లాడేది సరిగ్గా ఈ తొంభై ఏడు వేలమంది సంగతి.

ముందుగా మన శాఖ భాషలో ఒక్క మాట. చిత్తూరు నుంచి మదనపల్లెకు బదిలీ అయిన ఉద్యోగి వెంట ఏం వెళ్లేది? ఎల్.పి.సి. వెళ్లేది. లాస్ట్ పే సర్టిఫికెట్ లేనిదే కొత్త ఆఫీసులో జీతం బిల్లు పాసు చేసేవాళ్లం కాదు. జీతం ఏ తేదీ వరకు తీసుకున్నాడు, ఏమేమి కోతలు ఉన్నాయి, అప్పు ఎన్ని వాయిదాలు మిగిలింది, అన్నీ ఆ కాగితంలో ఉండేవి. దేశం దాటే పిల్లకు ఎల్.పి.సి. రాసిచ్చే ఆఫీసు లేదు. ఆ పని తానే చేసుకోవాలి. అందుకు కావలసిన సమాచారంలో సగం మన దగ్గర ఉంటుంది.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మాయి కూతురు, నా పెద్ద మనవరాలు, 2019 ఆగస్టు 10న అమెరికా వెళ్లింది. ఎఫ్-1 వీసా, ఎం.ఎస్. చదువు. 2021 మే నెలలో చదువు అయిపోయింది. ఆ తరువాత ఓ.పి.టి. అని విద్యార్థి వీసా మీదనే ఉద్యోగం. 2022 అక్టోబరు 1 నుంచి హెచ్-1బి. ఈ తేదీలు గుర్తుంచుకోండి. పన్ను లెక్కంతా వీటి మీదనే నడుస్తుంది.

మొదట అమెరికా వైపు చూద్దాం. ఆ దేశంలో పన్ను సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు వరకు. పన్ను చట్టానికి మనిషి రెండు రకాలు, నివాసి, నివాసి కానివాడు. వీసా ఒకటి, పన్ను నివాసం ఒకటి. ఆ ఏడు ఉన్న రోజులు, ముందటి ఏడు ఉన్న రోజుల్లో మూడో వంతు, అంతకు ముందటి ఏడు రోజుల్లో ఆరో వంతు, అన్నీ కలిపి 183 అయితే, ఆ ఏడు కనీసం 31 రోజులు ఉంటే, నివాసి. అయితే ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థికి మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాల రోజులు ఈ లెక్కలోకి రావు. డిసెంబరు 31న దిగినా ఆ ఒక్క రోజుకే ఒక సంవత్సరం ఖర్చయిపోతుంది. మా పాప 2019లో వెళ్లింది కాబట్టి 2019, 2020, 2021, 2022, 2023 ఆ ఐదు.

ఈ ఐదేళ్లలో రోజులు లెక్కకు రాకపోయినా కాగితం మాత్రం దాఖలు చేయాలి. ఆదాయం ఒక్క డాలరు లేకపోయినా ఫారం 8843 ఏటా పంపాలి. జీతమో స్టైపెండో ఉంటే 1040-ఎన్.ఆర్. అనే రిటర్ను ఏప్రిల్ 15 లోపు వేయాలి. చాలామంది పిల్లలు నివాసులు వేసే మామూలు 1040 రిటర్ను వేసేస్తారు, స్నేహితుడు అదే వేశాడని. అది తప్పు. తరువాత సవరణ రిటర్ను వేసుకోవలసి వస్తుంది.

మన విద్యార్థులకు ఒక మేలు ఉంది. భారతదేశం, అమెరికా మధ్య రెండుసార్లు పన్ను పడకుండా చేసుకున్న ఒప్పందం మీద 1989 సెప్టెంబరు 12న ఢిల్లీలో సంతకాలయ్యాయి. 1990 డిసెంబరులో అమలుకు వచ్చింది. దాని 21వ అధికరణం విద్యార్థులది. చదువు ఖర్చులకు మనం ఇక్కడి నుంచి పంపే సొమ్ము మీద అక్కడ పన్ను లేదు. అక్కడ సంపాదించుకున్న దాని మీద ఆ దేశపు నివాసికి ఇచ్చే స్టాండర్డు తగ్గింపే మన విద్యార్థికీ దొరుకుతుంది. 2025 సంవత్సరానికి ఒంటరి వ్యక్తికి అది 15,750 డాలర్లు. చాలా దేశాల విద్యార్థులకు ఈ సౌకర్యం లేదు. అయితే ఒప్పందం కేంద్ర ప్రభుత్వపు పన్నుకు మాత్రమే. రాష్ట్రాల పన్ను వేరు. టెక్సస్‌లో జీతం మీద రాష్ట్రపు పన్నే లేదు. కాలిఫోర్నియాలో పన్ను ఉంది, ఈ ఒప్పందాన్ని ఆ రాష్ట్రం లెక్కలోకి తీసుకోదు.

రెండో మేలు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత లేకపోవడం. మన జి.పి.ఎఫ్. కోతలాగా అక్కడ జీతంలో నూటికి 7.65 తీసేస్తారు. 6.20 వంతులు పెన్షను నిధికి, 1.45 వంతులు వైద్యానికి. ఎఫ్-1 మీద ఉండి పన్ను చట్టం ప్రకారం నివాసి కానంత వరకు ఈ కోత ఉండకూడదు. ఓ.పి.టి. ఉద్యోగానికీ అంతే.

ఇక్కడ నా పాత వృత్తి కాస్త అక్కరకు వచ్చింది. 2021లో మా పాప మొదటి ఉద్యోగంలో చేరి నాలుగైదు నెలలైంది. ఫోనులో మాట్లాడుతూ "పే స్లిప్పు ఒకటి పంపమ్మా, ఊరికే చూస్తాను" అన్నాను. ముప్పై ఆరేళ్లు జీతం బిల్లులు తనిఖీ చేసిన కన్ను ఊరుకోదు కదా. నెలకు 5,000 డాలర్ల జీతం, అందులో 382 డాలర్ల 50 సెంట్లు కోత. "ఇదేమిటి?" అంటే "అందరికీ కోస్తారు తాతా" అంది. "మీ గదిలో ఉండే పిల్లకు కోస్తున్నారా? అడుగు" అన్నాను. ఆ పిల్లకు కోయడం లేదు. ఇద్దరిదీ ఒకే వీసా, ఒకే చదువు. కంపెనీ లెక్కల వాళ్లకు విద్యార్థి వీసా సంగతి తెలియక అందరితో కలిపి కోసేశారు. పాప రాతపూర్వకంగా అడిగింది. ఆరు నెలల కోత, 2,295 డాలర్లు, తిరిగి ఇచ్చేశారు. ఒకవేళ కంపెనీ ఇవ్వకపోతే ఫారం 843, దానితో పాటు ఫారం 8316 జతచేసి పన్ను శాఖనే అడగవచ్చు. మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది.

అది నా గొప్ప. ఇప్పుడు నా తప్పు చెబుతాను.

2022 అక్టోబరు 1న పాప హెచ్-1బి లోకి మారింది. ఆ రోజు నుంచి మినహాయింపు పోయింది, రోజులు లెక్కకు వస్తాయి. 7.65 కోత కూడా మొదలైంది, అది న్యాయమైన కోత. అక్టోబరు, నవంబరు, డిసెంబరు కలిపి 92 రోజులు. 183 కాలేదు కాబట్టి 2022కు తను ఇంకా నివాసి కాదు. 2023 మాత్రం జనవరి 1 నుంచే పూర్తి నివాసి. నివాసి అయిన మనిషి ప్రపంచంలో ఎక్కడ ఆదాయం వచ్చినా అక్కడ చూపాలి. చిత్తూరు బ్యాంకులో వచ్చిన వడ్డీ కూడా.

2024 మార్చిలో ఒక రాత్రి ఫోను చేసింది. రిటర్ను నింపుతోంది. అందులో ఒక ప్రశ్న, విదేశాల్లో మీకు బ్యాంకు ఖాతాలు ఉన్నాయా అని.

"తాతా, నా పేరు మీద అక్కడ ఎంత వేసినావు?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే అది పెళ్లినాటికి చెప్పాలని దాచుకున్న మాట. 2008లో యాభై ఎనిమిదేళ్లకు రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ములో కొంత తన పేరుతో డిపాజిట్టు చేశాను. అది ఏడు లక్షలు. ఇంకొక మూడు లక్షలు నా పేరు, తన పేరు కలిపి జాయింటుగా వేశాను, నా తదనంతరం ఇబ్బంది లేకుండా. తన సేవింగ్సు ఖాతాలో వడ్డీ పడి పడి అరవై వేలు దాకా చేరింది. తనకు డిపాజిట్టు ఉందని తెలుసు, ఎంతో తెలియదు.

అమెరికా నివాసికి ఇతర దేశాల్లో ఉన్న ఖాతాల మొత్తం ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్.బి.ఎ.ఆర్. అనే నివేదిక ఇవ్వాలి. ఇది రిటర్నులో భాగం కాదు, ఆర్థిక నేరాలను చూసే వేరే విభాగానికి విడిగా దాఖలు చేయాలి. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబరు 15 దాకా పొడిగింపు ఉంటుంది. 2023లో డాలరు సుమారు 83 రూపాయలు. అంటే ఎనిమిది లక్షల ముప్పై వేలు. మా లెక్క పది లక్షల అరవై వేలు. "జాయింటు ఖాతాలో సొమ్ము నీది కదా తాతా, నాది సగం కూడా కాదు" అంది. కానీ ఆ నివేదికలో జాయింటు ఖాతాదారు ప్రతి ఒక్కరూ పూర్తి మొత్తం చూపవలసిందే. సంతకం చేసే అధికారం ఉన్నా చాలు, సొమ్ము ఎవరిదైనా చూపాలి.

ఇది పన్ను కాదు, వట్టి నివేదిక. కానీ ఇవ్వకపోతే జరిమానా భారీగా ఉంటుంది. తెలియక చేసిన తప్పుకు కూడా చట్టంలో రాసిన గరిష్ఠ జరిమానా 10,000 డాలర్లు, ధరలతో పాటు ఏటా దాన్ని పెంచుతూ వచ్చారు. ఆ జరిమానా ఖాతాకు ఒకటి చొప్పున కాదు, ఇవ్వని నివేదికకు ఒకటి చొప్పున అని అమెరికా సుప్రీం కోర్టు 2023 ఫిబ్రవరిలో బిట్నర్ కేసులో తేల్చింది. అదొక ఊరట, అంతే. కావాలని దాచితే శిక్ష వేరే లెక్క.

పాప ఏప్రిల్ 15 లోపలే అడిగింది కాబట్టి అక్కడ ఏ తప్పూ జరగలేదు. ఏడు లక్షల మీద ఆరున్నర వంతున వచ్చిన 45,500 రూపాయల వడ్డీ, అంటే సుమారు 550 డాలర్లు, తన రిటర్నులో చూపింది. సేవింగ్సు వడ్డీ కూడా చూపింది. నివేదిక దాఖలు చేసింది. 2022 దాకా నివాసి కాదు కాబట్టి అంతకు ముందు వడ్డీతో ఆ దేశానికి పని లేదు.

తప్పు ఇక్కడ జరిగింది. నా చేతుల మీదుగా జరిగింది.

మన దేశంలో పన్ను సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉన్నవాడు నివాసి. లేదా 60 రోజులు ఉండి, ముందటి నాలుగేళ్లలో 365 రోజులు ఉన్నా నివాసే. ఉద్యోగం కోసం దేశం వదిలిన పౌరుడికి ఆ ఏడు 60 బదులు 182 చూస్తారు. చదువుకోసం వెళ్లినవారికి చట్టంలో ఆ మాట లేదు. మా పాప 2019 ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 10 దాకా 132 రోజులు ఇక్కడ ఉంది. ఉద్యోగానికి వెళ్లి ఉంటే ఆ ఏడే నివాసి కాకుండా పోయేది. చదువుకు వెళ్లింది కాబట్టి 2019-20కి ఇక్కడి నివాసే. 2020 ఏప్రిల్ నుంచి నివాసి కాదు. 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేశారు, దాని అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల నంబర్లు మారాయి కానీ ఈ రోజుల లెక్క మారలేదు.

విదేశీ మారక ద్రవ్య చట్టం, అదే ఫెమా, లెక్క మళ్లీ వేరు. చదువుకు వెళ్లిన విద్యార్థిని కూడా ప్రవాస భారతీయుడిగానే చూడాలని 2003 డిసెంబరులో రిజర్వు బ్యాంకు సర్క్యులరు ఇచ్చింది. కాబట్టి విమానం ఎక్కిన తరువాత ఇక్కడి మామూలు సేవింగ్సు ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి. ఒకే దేశంలో రెండు చట్టాలు, రెండు తేదీలు. ఖజానాలో పనిచేసిన నాకే ఇది తెలియలేదంటే, బడిలో పాఠాలు చెప్పిన, ఆసుపత్రిలో కట్లు కట్టిన మన సభ్యులకు తెలియాలని నేనెలా అనగలను?

పాప వెళ్లేముందు డిపాజిట్టు వడ్డీలో పన్ను కోయకుండా 15-జి ఫారాలు ఐదింటి మీద ఖాళీగా సంతకాలు పెట్టించుకున్నాను. మనం 15-హెచ్ ఇస్తామే, అలాంటిదే, వయసులో చిన్నవారికి. 2020 ఏప్రిల్ నుంచి ఏటా ఒకటి పూర్తిచేసి బ్యాంకులో ఇచ్చి వచ్చాను. 2020, 2021, 2022, 2023, నాలుగు ఫారాలు. ఆ ఫారంలో "నేను భారతదేశ నివాసిని" అని ఉంటుంది. నివాసి కానివారు అది ఇవ్వకూడదు. నాలుగేళ్లు నా మనవరాలి సంతకంతో అబద్ధం దాఖలు చేశాను. ఇతరుల బిల్లులో తేదీ సరిగా లేదని అభ్యంతరం రాసి వెనక్కు పంపిన చేయి ఇది.

మరుసటి వారం చిత్తూరు వెళ్లి ఒక ఆడిటరుగారిని కలిశాను. ఆయన లెక్క చూసి అన్నారు, "పన్ను ఎగ్గొట్టింది ఏమీ లేదు. ఈమె ఇక్కడి ఆదాయం పన్ను లేని పరిమితి లోపలే ఉంది. కానీ ఇచ్చిన మాట తప్పు మాట. అది సరిచేయాలి." అదీ సంగతి. సొమ్ము పోలేదు, మాట తప్పింది. బ్యాంకుకు పాప చేత ఉత్తరం రాయించాం. పాస్‌పోర్టు, వీసా నకళ్లు జతచేసి, సేవింగ్సు ఖాతా, డిపాజిట్టు రెండూ ఎన్.ఆర్.ఓ. కిందకు మార్పించాం. జాయింటు డిపాజిట్టు నుంచి తన పేరు తీయించి నామినీగా వేయించాను. నామినీ వేరు, ఖాతాదారు వేరు. నేను బతికి ఉన్నంతకాలం నామినీకి ఆ సొమ్ము మీద హక్కు లేదు, కాబట్టి అక్కడ చూపవలసిన పనీ లేదు. నేను మొదటే చేయవలసిన పని ఇది. ఐదో 15-జి ఫారం ఇంకా నా బీరువాలోనే ఉంది. చింపలేదు. అప్పుడప్పుడు చూసుకుంటాను.

ఎన్.ఆర్.ఓ. అయ్యాక వడ్డీ మీద బ్యాంకు మొదటి రూపాయి నుంచే నూటికి 31.2 కోస్తుంది. మా లెక్కలో 45,500కు 14,196 రూపాయలు. అయ్యో అనకండి. ఒప్పందం ప్రకారం అమెరికా నివాసికి వడ్డీ మీద మన పన్ను 15 వంతులకు మించకూడదు. అక్కడి పన్ను శాఖ ఇచ్చే నివాస ధృవపత్రం తెప్పించి, ఇక్కడి ఫారంతో జతచేసి బ్యాంకుకు ఇస్తే 15 వంతులే, అంటే 6,825 కోస్తారు. ఆ మేరకు ఆదాయం పరిమితి లోపల ఉంటే ఇక్కడ రిటర్ను వేసి అది కూడా వాపసు తెచ్చుకోవచ్చు. ఇక్కడ నిజంగా కట్టవలసిన పన్నుకు మాత్రమే అక్కడ తగ్గింపు దొరుకుతుంది. ఇక్కడ వాపసు అడగకుండా వదిలేసి అక్కడ తగ్గించుకుందాం అంటే కుదరదు.

మరి కొన్ని మాటలు క్లుప్తంగా చెబుతాను.

ఎన్.ఆర్.ఇ. డిపాజిట్టు వడ్డీకి ఇక్కడ పన్ను లేదు కాబట్టి అక్కడా లేదనుకుంటారు. అక్కడ ఉంది. పి.పి.ఎఫ్. వడ్డీ కూడా అంతే. ప్రవాసి అయినవారు కొత్తగా పి.పి.ఎఫ్. తెరవకూడదు, పాతది గడువు తీరేదాకా నడుపుకోవచ్చు. పిల్లల పేరుతో మ్యూచువల్ ఫండ్లు కొంటున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అమెరికా చట్టం మన ఫండ్లను కఠినమైన వేరే పద్ధతిలో చూస్తుంది, ఏడాదికొక ప్రత్యేక ఫారం, భారమైన లెక్క. కొనేముందు అడగండి.

పొలమో స్థలమో అమ్మి బిడ్డకు కానుకగా పంపితే, అక్కడ దాని మీద పన్ను లేదు. కానీ అమెరికా నివాసి అయిన మనిషికి విదేశంలోని బంధువు నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకు మించి కానుక వస్తే ఫారం 3520 వేయాలి. వేయకపోతే నెలకు ఐదు వంతుల చొప్పున, ఇరవై ఐదు వంతుల దాకా జరిమానా పడవచ్చు. పన్ను లేని సొమ్ముకు జరిమానా కట్టడం ఎంత బాధ!

చదువుకు మన ఖాతా నుంచి సొమ్ము పంపేటప్పుడు ఏడాదికి పది లక్షలు దాటిన భాగం మీద బ్యాంకు కొంత పన్ను ముందుగా వసూలు చేస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి హద్దు ఇది. బ్యాంకు విద్యారుణం మీద పంపే సొమ్ముకు ఆ వసూలు లేదు. వసూలైన సొమ్ము పోయినట్టు కాదు, పంపినవారి పాన్ మీద జమ ఉంటుంది. తాత పంపితే తాత రిటర్నులో అడగాలి. మనలో చాలామంది రిటర్ను వేయక ఆ సొమ్ము వదిలేస్తున్నారు.

బిడ్డ మనకు పంపే సొమ్ము తల్లిదండ్రులకు ఇచ్చినదే కాబట్టి ఇక్కడ మనకు పన్ను లేదు. 2025 జూలైలో చేసిన అమెరికా చట్టం ప్రకారం 2026 జనవరి 1 నుంచి విదేశాలకు పంపే సొమ్ము మీద నూటికి ఒక డాలరు పన్ను ఉంది. అది నగదు, మనీ ఆర్డరు వంటివి ఇచ్చి పంపినప్పుడే. సొంత బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు. పిల్లలకు ఆ ఒక్క మాట చెబితే చాలు.

ఇక 7.65 కోత గురించి ఒక పెన్షనరుగా నా మనసులో ఉన్న మాట. అక్కడ పెన్షను రావాలంటే సుమారు పదేళ్ల కోత ఉండాలి, నలభై క్రెడిట్లు అంటారు. పదేళ్లు నిండకుండా తిరిగి వచ్చేస్తే ఆ సర్వీసును ఇక్కడి సర్వీసుతో కలిపే ఒప్పందం మన రెండు దేశాల మధ్య లేదు. పన్నులకు 1989లో కుదిరిన ఒప్పందం పెన్షనుకు కుదరలేదు. నకారా తీర్పు దినాన ఈ సంగతి గుర్తుచేయడం ధర్మమనుకుంటాను.

సోదరులారా, ఇంటికి వెళ్లాక నాలుగు పనులు చేయమని మనవి.

ఒకటి. బీరువా తీసి, విదేశంలో ఉన్న బిడ్డ పేరు ఉన్న ప్రతి పాసుబుక్కు, డిపాజిట్టు రసీదు, బాండు ఒక తెల్లకాగితం మీద రాయండి. ఏడాదిలో ఏ నెలలో ఎంత ఎక్కువ ఉందో కూడా రాయండి. అది బిడ్డకు పంపండి.

రెండు. చదువుకు వెళ్లిన రోజే బ్యాంకుకు తెలియజేయించండి. ఉద్యోగం వచ్చాక చూద్దాం అనవద్దు. పోస్టాఫీసు పథకాల్లో ప్రవాసుల పేరుతో కొత్తగా ఏమీ వేయవద్దు.

మూడు. విదేశంలో ఉన్న బిడ్డ సంతకంతో 15-జి గాని, నివాసి అని చెప్పే మరే ఫారం గాని, దాని పేరూ నంబరూ మారినా సరే, ఇవ్వవద్దు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టించుకోవద్దు. మన ఉద్యోగంలో ఆ పని చేసినవాళ్లు ఏమయ్యారో మనకు తెలుసు.

నాలుగు. బిడ్డ వీసా ఎఫ్-1 నుంచి హెచ్-1బి కి ఏ తేదీన మారిందో క్యాలెండరు మీద రాసుకోండి. ఆ తేదీ తరువాత వచ్చే జనవరిలో ఒకసారి ఫోను చేసి, "అమ్మా, ఇక్కడి కాగితాలు అక్కడ చూపించావా?" అని అడగండి. జవాబు మనకు తెలియకపోయినా అడగడం మన పని. లెక్క వేయడానికి అక్కడా ఇక్కడా తెలిసిన ఆడిటర్లు ఉన్నారు. ప్రతి ఒక్కరి పరిస్థితీ వేరుగా ఉంటుంది కాబట్టి నా లెక్కను మీ లెక్కగా వేసుకోవద్దు.

మనం ప్రేమతో దాచుతాం. పిల్లలకు చెప్పకుండా దాచడంలో ఒక ఆనందం ఉంది, నేను కాదనను. కానీ వాళ్లు ఇప్పుడు ప్రతి ఏప్రిల్లో ఒక పెద్ద దేశం ముందు "నాకు ఉన్నది ఇంతే" అని సంతకం పెట్టే స్థితిలో ఉన్నారు. ఆ సంతకం కింద మనం తెలియని అంకె ఒకటి పెట్టి ఉంచకూడదు.

డిపాజిట్టు సంగతి చెప్పిన రాత్రి పాప కాసేపు ఏమీ మాట్లాడలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. తరువాత, "పెళ్లికి కదా తాతా దాచినావు, ఇప్పుడే తెలిసిపోయిందే" అంది. "ఇంకేం చేస్తాం, తెలిసిపోయింది. నీ రిటర్నులో రాసుకో" అన్నాను.

ఆ తరువాత నుంచి ప్రతి జనవరిలో ఒక తెల్లకాగితం మీద తన పేరున ఉన్నదంతా రాసి, తేదీ వేసి, కింద సంతకం చేసి, ఫోటో తీయించి పంపుతున్నాను. పైన "ఎల్.పి.సి." అని రాస్తాను. అదేమిటో దానికి అర్థం కాదు. మీకు అర్థమవుతుంది.